వాచింది ఏ పిట్ట?

“పాక్, మన అబ్బాయి విద్ నడక చూశారా? వాడికేదో ముంచుకొస్తోంది. నా మనసు చెబుతోంది” అన్నాను మా ఆయనతో.

అప్పటికింకా ఏమీ జరగలేదు. కోళ్లు కూడా సరిగ్గా నిద్ర లేవలేదు. నేను పెరట్లో నా అన్నం అంగడికి తీసుకెళ్లే వేరుశెనగ పచ్చడి నూరుతున్నాను. మా జావాలో పెద్దవాళ్లను, మగవాళ్లైతే ‘పాక్’ అనీ ఆడవాళ్లైతే ‘బూ’ అనీ పిలుస్తాం. మా ఆయన త్రిమాన్ అరుగు మీద కూర్చుని కాఫీలో చక్కెర కలుపుకుంటున్నారు. నేనేం చెప్పినా ఆయన ముందు చక్కెర కరిగేదాకా కలుపుతారు. తర్వాత ఒక గుటక వేస్తారు. ఆ తర్వాత గానీ నోరు విప్పరు.

“ఊఁ” అన్నారు.

“ఊఁ కాదు, అటు చూడండి. లుంగీ ముందుకు ఎత్తిపట్టుకుని, కాళ్లు ఎడంగా వేసి నడుస్తున్నాడు. అచ్చం సున్తీ అయిన వారం నడిచినట్టే నడుస్తున్నాడు. ముప్పై నాలుగేళ్ల మగాడు అలా నడవాలంటే ఏదో కారణం ఉండాలా, వద్దా?”

“లారీ సీటు గట్టిగా ఉంటుంది.”

“లారీ సీటు ఎనిమిదేళ్లుగా గట్టిగానే ఉంది. నడక నిన్నటి నుంచే మారింది.”

ఆయన ఇంకో గుటక వేశారు. అంటే మాటలు అయిపోయాయని అర్థం.

నేను భయపడే మనిషినని మా ముంతిలాన్‌లో అందరికీ తెలుసు. మెరాపి కొండ మీద మబ్బు కమ్మితే పొగ అనుకుని మూటలు సర్దేస్తాను. ఎవరైనా రెండుసార్లు దగ్గితే నాకు శవపేటిక కనిపిస్తుంది. చదివింది ఆరో తరగతే గానీ ప్రపంచంలో ఉన్న జబ్బులన్నీ నాకు పేర్లతో సహా వచ్చు. భయపడే తల్లి ఉన్న ఇంట్లో పిల్లలు నిజం చెప్పరు. ఏం చెప్పినా నేను దాన్ని పదింతలు చేస్తానని వాళ్లకు తెలుసు. మా విదగ్దో చిన్నప్పుడు చేయి విరిగితే కూడా రెండు రోజులు చొక్కాలో దాచుకున్నాడు.

విద్ కొండ కింది నుంచి ఇసుక తోలే లారీ నడుపుతాడు. తెల్లవారకముందే ఎక్కితే మధ్యాహ్నం దాకా దిగడు. ఒంటేలుకు కూడా ఆగడు, ఆగితే ఇసుక నింపుకునే వరస పోతుందట. వాడి సంతోషమంతా ఒక పాటపిట్ట. నల్లగా, పొడవాటి తోకతో ఉంటుంది. ఆదివారాల్లో పోటీలకు తీసుకెళతాడు. భార్య కినాసి ఇంట్లోనే బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. పెళ్లయి ఆరేళ్లు దాటింది, పిల్లల్లేరు. దీని గురించి నేను రోజూ భయపడతాను గానీ కోడలిని ఒక్క మాట అననని ఒట్టు పెట్టుకున్నాను. మా ఇంటి ముందుకు రోజూ వేరుమందుల సీసాలు వీపున కట్టుకుని వచ్చే మందులమ్మ దగ్గర ఒక గ్లాసు చేదు కషాయం కొని ఇస్తాను, అంతే. అది తాగుతుంది, ముఖం చిట్లిస్తుంది, ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుని కుట్టుమిషన్ ముందు కూర్చుంటుంది.

ఆ ఉదయం పచ్చడి గిన్నె తీసుకుని వాళ్ల గది పక్కనుంచి వెళుతున్నాను. మా ఇంటి గోడలు వెదురు తడికలు. వినకూడదనుకున్నా వినిపిస్తుంది. అయితే నేను వినకూడదనుకోలేదు.

“పిట్ట సంగతి నీకేం చెప్పను కినాసీ. వాచిపోయింది. ముట్టుకుంటే మంట. రాత్రంతా జ్వరంగా ఉంది” అంటున్నాడు మా వాడు.

“ఎవరికైనా చూపించు మాస్” అంది కోడలు. మొగుణ్ణి అలాగే పిలుస్తుంది.

“చూపించడమా? సిగ్గు కాదూ? బజార్లో తెలిస్తే నా పరువేం కాను?”

“ఇది మొదటిసారి కాదు కదా. పోయినేడు కూడా వాచింది. అప్పుడూ ఇలాగే వదిలేశావు.”

“తగ్గిందిగా. ఇదీ తగ్గుతుంది. అమ్మకు మాత్రం చెప్పకు. పీనుగును లేపినంత గోల చేస్తుంది.”

గిన్నె నా చేతిలోనే ఉండిపోయింది. పిట్టకు జ్వరం! వచ్చే ఆదివారం మాగెలాంగ్‌లో పెద్ద పోటీ. పిట్ట చస్తే వీడు బతకడు. పరువు గురించి మగాళ్లు పిచ్చివాళ్లు, పిట్టకు జబ్బంటే యజమాని సరిగ్గా మేపలేదనుకుంటారు, అందుకే దాస్తున్నాడు. అన్నీ నాకు అర్థమైపోయాయి. నడక కూడా అర్థమైంది: దిగులుతో కాళ్లు తడబడుతున్నాయి.

వాడు లారీ ఎక్కి వెళ్లగానే పంజరం మీద గుడ్డ కప్పాను. అంగడి పక్కవాళ్లకు అప్పగించి వస్తానని కోడలితో చెప్పి, పంజరం ఒళ్లో పెట్టుకుని రిక్షా ఎక్కాను. దారంతా గుడ్డ ఎత్తి చూస్తూనే ఉన్నాను. అది ఒంటికాలి మీద నిలబడి నన్నే చూసింది. చావు ముందు పిట్టలు అలాగే చూస్తాయని నాకనిపించింది.

పిట్టల బజారులో ఎంబా జోయోకు, అంటే జోయో తాతకు, పెద్ద పేరు. డెబ్బై ఏళ్ల మనిషి. పిట్ట గొంతు విని దాని వయసు చెబుతాడు. ఆయన చుట్టూ ఎప్పుడూ పదిమంది మగాళ్లు చుట్టలు కాల్చుకుంటూ కూర్చుని ఉంటారు. నేను పంజరం ఆయన ముందు పెట్టి కన్నీళ్లు తుడుచుకున్నాను.

“ఎంబా, దీన్ని బతికించండి. మా విద్ పిట్ట వాచిపోయింది.”

ఆయన గుడ్డ తీశాడు. పిట్టను చేతిలోకి తీసుకుని రెక్కలు విప్పాడు, కాళ్లు చూశాడు, పొట్ట మీద ఈకలు ఊది చూశాడు. పంజరంలో వదిలేసి అంగిలికి నాలుక తగిలించి టక్కుమనిపించాడు. ఆ ముండది గొంతెత్తి పాడింది. పాడి పాడి తోక ఊపింది.

“దీనికేం జబ్బు లేదు రుకినీ. రాజులా ఉంది.”

“ఎలా లేదు? వాచింది. ముట్టుకుంటే మంట. రాత్రంతా జ్వరం. పోయినేడు కూడా ఇలాగే వాచిందట, అప్పుడు కూడా దాచాడు. నా చెవులతో విన్నాను!”

“ఎవరితో చెబుతుంటే విన్నావు?”

“పెళ్లాంతో. గదిలో.”

ఎంబా జోయో చుట్ట నోట్లోంచి తీశాడు. చుట్టూ ఉన్నవాళ్ల నవ్వులు ఒక్కొక్కటిగా మొదలయ్యాయి, నాకు మాత్రం ఇంకా తెలియలేదు.

“రుకినీ, నెమ్మదిగా చెప్పు. గదిలో పెళ్లాంతో చెప్పాడు. వాచింది, మంటగా ఉంది, ఎవరికీ చూపించలేనన్నాడు. అవునా?”

“అవును.”

“మరి వాచింది ఏ పిట్ట?”

మా జావా మాటలో పంజరంలో ఉండేదానికీ మగాడి లుంగీలో ఉండేదానికీ పేరొకటే. నలభై ఏళ్ల కాపురం చేసి, మగపిల్లాణ్ణి కని, స్నానం చేయించి పెంచిన నాకు ఆ సంగతి ఆ క్షణం దాకా తట్టలేదు. మిరపకాయ కొరికినట్టు చెవుల దాకా మండింది. వెనక నుంచి ఎవడో అన్నాడు: “బూ, ఆ పిట్టను కూడా పంజరంలో పెట్టి తీసుకురావాల్సింది. ఎంబా ఊది చూసేవాడు!”

బజారంతా నవ్వింది. కప్పుకోవడానికి గుడ్డ పంజరానికి కాదు, నాకే కావాల్సి వచ్చింది.

సిగ్గు రిక్షా ఎక్కేదాకే. ఎక్కగానే భయం పట్టుకుంది. పిట్టైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఇది నా కొడుకు! వాపంటే ఏం వాపు? గడ్డా? క్యాన్సరా? పోయినేటి నుంచీ ఉందంటే మిగిలింది ఎంత? ఇంటికి చేరేసరికి వాడి అంత్యక్రియలకు ఎవరెవరిని పిలవాలో కూడా అనుకున్నాను.

ఇంట్లో కినాసికి జరిగింది చెప్పాను. ఆ పిల్ల మిషన్ మీద తల వాల్చి నవ్వింది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. “బూ, పంజరంతోనా? గుడ్డ కప్పి?” అని అడిగి మళ్లీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక కూడా కళ్లు తడిగానే ఉన్నాయి, అప్పుడు నవ్వు లేదు.

మధ్యాహ్నం మూడింటికి లారీ వచ్చి ఆగింది. తలుపు ధడాలుమంది.

“అమ్మా! ఏం చేశావమ్మా నువ్వు?”

“నాన్నా, నేను…”

“ఇసుక రేవులో ఒక్కడు నాతో మాట్లాడలేదు. అందరూ ఈలలు వేశారు. పిట్ట ఈలలు! చివరికి తూకం దగ్గర ముసలాయన కూడా! ‘విద్, గింజలు పెట్టావా దానికి?’ అంటాడు!”

మా ఆయన అరుగు మీద కాఫీ తాగుతూ ఉన్నారు. ఆయన కాఫీ ముక్కులోకి వెళ్లింది. నలభై ఏళ్లలో ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

“మీరు కూడానా బాపా!” అని మా వాడు గోడకు ఆనుకుని కూర్చోబోయాడు. నొప్పికి మళ్లీ లేచాడు. నేను నోరు తెరిచాను, కినాసి నాకంటే ముందు మాట్లాడింది.

“మాస్, ఊరంతటికీ తెలిసింది. పిట్టల బజారుకు తెలిసింది, ఇసుక రేవుకు తెలిసింది, తూకం తాతకు తెలిసింది. ఒక్క డాక్టరుకే తెలియలేదు. ఏం బాగుంటుంది చెప్పు?”

వాడు ఆమెను చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. దాచుకోవడానికి చొక్కా కూడా లేదని అర్థమైనట్టుంది.

“సరే” అన్నాడు. “కానీ అమ్మ రాకూడదు.”

నేను వెళ్లాను.

మాగెలాంగ్‌లో డాక్టర్ రత్రి అని ఒకావిడ. ఆడమనిషని తెలిసి మా వాడు గుమ్మంలోనే వెనక్కి తిరిగాడు, కినాసి చొక్కా పట్టుకుని లాగింది. ఆవిడ పరీక్ష చేసింది, పొట్ట కింద స్కానింగ్ చేయించింది, ఒంటేలు పరీక్షకు తీసుకుంది. చివరికి చిన్న డబ్బా ఒకటి ఇచ్చి, వీర్యం కూడా పరీక్షించాలి, అదిగో ఆ గదిలోకి వెళ్లి నింపుకుని రమ్మంది.

నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. వాడు లోపలికి వెళ్లాడు. ఎంతసేపటికీ రాలేదు. జ్వరం మనిషి, పొద్దున్నుంచి ఏమీ తినలేదు. నున్నటి గచ్చు మీద కాలు జారి పడితే? తల గోడకు తగిలితే? చివరికి ఉండబట్టలేక వెళ్లి తలుపు తట్టాను.

“విద్! నాన్నా! బాగానే ఉన్నావా? పడిపోలేదు కదా?”

లోపలి నుంచి చప్పుడు లేదు. గట్టిగా తట్టాను.

“సాయం కావాలంటే చెప్పరా!”

నర్సు చేతిలో ఉన్న పళ్లెం కింద పడేసింది. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు మగాళ్లు లేచి బయటికి వెళ్లిపోయారు. లోపలి నుంచి ఏడుపు లాంటి గొంతు వినిపించింది.

“అమ్మా, నీకు పుణ్యముంటుంది. బస్టాండుకు వెళ్లిపో.”

కినాసి నన్ను చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి తీసుకెళ్లి చల్లటి కొబ్బరినీళ్లు తాగించింది. తాగుతూ ఆ పిల్ల మళ్లీ నవ్వింది. ఈసారి నేను కూడా కొంచెం నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు, భయం మాత్రం పోలేదు.

వారం తర్వాత ఫలితాలు వచ్చాయి. ఈసారి డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టింది.

“క్యాన్సరా?” అన్నాను, ఆవిడ కళ్లజోడు పెట్టుకునేలోపే.

“కాదమ్మా.”

“క్యాన్సర్ లాంటిదా?”

“కాదు.”

“మరి ముందుముందు క్యాన్సర్ అవుతుందా?”

ఆవిడ కాగితాలు కింద పెట్టింది. “అమ్మా, మీరు మనవడి కోసం వచ్చారా, క్యాన్సర్ కోసం వచ్చారా?”

మా వాడు తల దించుకుని నవ్వాడు. నేను నోరు మూసుకున్నాను. ఆవిడ అప్పుడు చెప్పింది. ఒంటేలు బిగబట్టి బిగబట్టి అందులో చేరిన క్రిమి వెనక్కి పాకిందట. వృషణం వెనకాల సన్నటి గొట్టం ఒకటి చుట్టలు చుట్టుకుని ఉంటుందట. బీజాలు పుట్టాక అక్కడ నిలవ ఉండి ఈత నేర్చుకుంటాయట. వాచింది ఆ గొట్టం.

“వీర్యంలో చీముకణాలు చాలా ఉన్నాయి. అవి క్రిములతో కొట్లాడటానికి వస్తాయి. ఇల్లు చిన్నది కదా, కొట్లాటలో పక్కనున్న బీజాలకూ దెబ్బలు తగులుతాయి. మీ వాడికి బీజాలు లేక కాదు. ఉన్నాయి, కానీ ఎక్కువభాగం ఈదలేక నిలబడ్డచోటే తిరుగుతున్నాయి.”

“పోయినేటి నుంచా?” అని మా వాడు అడిగాడు.

“ఎన్నాళ్ల నుంచో నేను చెప్పలేను. పోయినేడు వాచినప్పుడు రావాల్సింది. ఇప్పుడు మందులు ఇస్తాను, సగంలో ఆపకూడదు. వేడి సీటు మీద గంటల తరబడి కూర్చోకూడదు. ఒంటేలు వస్తే లారీ ఆపాలి, వరస పోయినా సరే. కొత్త బీజం తయారవడానికి ఒక వరి పంట కాలం పడుతుంది. పంటయ్యాక మళ్లీ చూద్దాం.”

“మరి కినాసికి?” అన్నాను నేను.

“ఆమెకు మొన్న చేయించిన పరీక్షలు చూశాను. ఏ లోపమూ కనిపించలేదు.”

ఆ మాటకు కినాసి ఒళ్లో ఉన్న చేతిసంచీ తాడు వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది. మా వాడు కిటికీ వైపు చూశాడు. బస్సులో ముగ్గురం మూడు చోట్ల కూర్చున్నాం.

మరుసటి రోజు మందులమ్మ గుమ్మంలో సీసాలు దించి, “కోడలమ్మా, గ్లాసు తే” అని కేకేసింది. కినాసి మిషన్ దగ్గరి నుంచి లేవకుండానే అంది.

“ఇక నాకొద్దు బూ. చేదు తాగే వంతు నాది అయిపోయింది.”

“అయ్యో, కడుపు పండాలంటే తాగాలి కదమ్మా!”

“పొలం బాగానే ఉందట. విత్తనాల వారిని అడగండి, లోపల పడుకున్నారు.”

మందులమ్మ నోరు తెరుచుకుంది. లోపలి నుంచి మా వాడు చిన్నగా “ఒక గ్లాసు పోయండి, తాగుతాను” అన్నాడు. డాక్టరు మందులుండగా ఎందుకని నేను వద్దన్నాను. తాగాడు. ముఖం అష్టవంకర్లు పోయింది. “దీన్నా నువ్వు ఆరేళ్లు తాగింది?” అన్నాడు పెళ్లాంతో. ఆమె బెల్లం డబ్బా అతని వైపు తోసింది.

ఇక నా అంగడిలో విచిత్రం మొదలైంది. మొదట తూకం ముసలాయన వచ్చాడు. ఆకులో అన్నం, ఉడికిన కూరలు, పచ్చడి పెట్టించుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

“బూ రుకినీ, మా స్నేహితుడొకడున్నాడు. అతని పిట్టకు కూడా… ఆ డాక్టరమ్మ ఎక్కడుంటుంది?”

చెప్పాను. సాయంత్రం ఇసుక రేవు నుంచి ఇద్దరు డ్రైవర్లు వేర్వేరుగా వచ్చారు. ఇద్దరికీ ఒక్కొక్క స్నేహితుడున్నాడు. మర్నాడు మా ఊరి పెద్ద పాక్ లూరా స్వయంగా వచ్చి, పచ్చడి వద్దు, కారం వల్ల స్నేహితుడికి మంట ఎక్కువవుతోంది అన్నాడు. “తినేది మీరు కదా పాక్?” అన్నాను. ఆయన తలకాయంతా ఎర్రగా అయింది. వారం గడిచేసరికి మా ముంతిలాన్‌లో జబ్బున్న స్నేహితుడు లేని మగాడు లేడని తేలింది. ఎంబా జోయో ఒక్కడే నిజాయితీ గల మనిషి. “స్నేహితుడూ గీహితుడూ ఏం లేడు, నాకే” అని నిలబడి చెప్పాడు. ఇసుక రేవులో ఈలలు ఆగిపోయాయి. ఈల వేసినవాళ్లందరూ లారీలు ఆపి పొదల చాటుకు వెళుతున్నారని మా వాడు చెప్పాడు.

వాపు తగ్గింది. జ్వరం పోయింది. నడక బాగుపడింది. నాకు మాత్రం కోడలి మీదే దిగులు. నవ్వుతుంది, వంట చేస్తుంది, కుడుతుంది, అన్నీ మామూలే. కానీ ఒకరోజు బీన్స్ ముక్కలు కోస్తుంటే నేనే అడిగేశాను.

“తల్లీ, మందులు పనిచేస్తాయి. ఒకవేళ చేయకపోతే…”

“బూ, నాకు బిడ్డ కావాలి. లేదని చెప్పను. కానీ నేను ఎదురుచూస్తున్నది ఇంకోటి.” కత్తి కింద పెట్టింది. “ప్రతి రంజాన్ పండక్కీ మన పెద్దత్తగారు బుదే సులస్త్రి ఇంటికి వెళతాం. అందరూ ఉండగా నన్నే అడుగుతుంది, ‘ఇంకా ఖాళీయేనా?’ అని. ‘దువా చేయండి బుదే’ అంటాను. అప్పుడు మాస్ బిస్కెట్ల డబ్బాలో ఏదో వెతుక్కుంటూ ఉంటాడు. ఆరు పండగలు అయ్యాయి. మొన్నటిదాకా ఆయనకూ తెలియదు కదా అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు తెలుసు.”

“నేను వాడితో చెబుతాను…”

“వద్దు. మీరు చెబితే అది మీ మాటవుతుంది. నేను చెబితే నా మాటవుతుంది. ఆయన మాట ఆయన నోట్లోంచే రావాలి. ఈసారీ డబ్బాలో వెతుక్కుంటే, పండగయ్యాక నేను వొనొసారిలో మా అమ్మ దగ్గరికి వెళతాను. చూడటానికి కాదు బూ, ఉండటానికి. మీరు మాట ఇవ్వండి, ఒక్క ముక్క చెప్పకూడదు.”

మాట ఇచ్చాను. ఇచ్చిన క్షణం నుంచి గొంతులో చేపముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. నేను! ఒక పిట్ట సంగతిని ముంతిలాన్ అంతటికీ పంచిపెట్టిన దాన్ని! రాత్రుళ్లు మా ఆయన చెవిలో చెప్పాలని నోటి దాకా వచ్చేది, దుప్పటి కొరుక్కునేదాన్ని. కొడుకు అన్నం తింటుంటే వాడి నోటి వైపే చూసేదాన్ని. “ఏంటమ్మా, పళ్లలో కూరేమైనా ఉందా?” అనేవాడు.

వరి కోతలయ్యాయి. ఉపవాసాల నెల మొదలవకముందే వెళ్లి మళ్లీ పరీక్ష చేయించుకున్నాడు. నేను మాటకు కట్టుబడి బస్టాండులో కూర్చున్నాను. చీముకణాలు దాదాపు పోయాయట. ఈదే బీజాలు రెట్టింపుకు మించి పెరిగాయట, అయినా ఇంకా పెరగాలట. “బిడ్డ పుడుతుందని నేను మాటివ్వలేను, దారి మాత్రం తెరుచుకుంది” అందట డాక్టరమ్మ. విద్ ఆ రోజు ఇంటికొచ్చి పిట్టకు మిడతలు వేస్తూ తనే ఈల వేసుకున్నాడు. కినాసి అతని చొక్కా గుండీ ఒకటి ఊడితే కుట్టింది. ఇద్దరూ ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడుకున్నారు.

పండగ రెండో రోజు పుర్వొరెజో వెళ్లాం. బుదే సులస్త్రి మా ఆయనకు పెద్దక్క. మా ఊరి గాలికబురు అంత దూరం పోలేదు. ఇల్లు నిండా జనం. కోడళ్లు, అల్లుళ్లు, మనవలు. వరసగా మోకాళ్ల మీద కూర్చుని ఆవిడ చేతులు నుదుటికి ఆనించుకుని తప్పులు మన్నించమని అడిగాం. తర్వాత చాపల మీద కూర్చున్నాం. ఆకు పొట్లాల్లో ఉడికించిన అన్నం కోసి, కొబ్బరిపాల కోడికూర పోసి అందరికీ అందించారు. మా ఆయన అప్పుడే రెండో పొట్లం కోస్తున్నారు. నేను ఒక్క ముద్ద మింగలేదు.

బుదే మంచి మనిషే. దుర్మార్గం లేదు. ఎదురుగా ఉన్న ప్రతి మనిషినీ ఏదో ఒకటి అడగకపోతే మర్యాద కాదనుకుంటుంది, అంతే. ఒకణ్ణి ఉద్యోగం అడిగింది, ఒకమ్మాయిని పెళ్లి అడిగింది, లావైందని ఇంకొకామెను మెచ్చుకుంది. ఆవిడ ప్రశ్నలు ఒక్కొక్క చాపా దాటి మా వైపే వస్తున్నాయి.

“కినాసీ, నీ సంగతేంటమ్మా? ఇంకా ఖాళీయేనా?” అంది. తొడ మీద ఆప్యాయంగా తట్టింది. “నీ తర్వాత పెళ్లయిన నా చిన్నకోడలికి ఇది మూడోది. పని తగ్గించుకో, ఆ మిషన్ తొక్కితే కడుపులో ఏం నిలబడుతుంది?”

అందరూ కినాసి వైపు చూశారు. ఎప్పటి మాట కోసం ఎదురుచూశారు. కినాసి ఈసారి “దువా చేయండి” అనలేదు. పళ్లెం కింద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, నోరు మూసుకుని కూర్చుంది. ఎవరి వైపూ చూడలేదు.

పంకా తిరిగే చప్పుడు వినిపించింది. బుదే నవ్వు పెదవుల మీదే ఆగి, ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయింది. నా గొంతులోకి తొమ్మిది జవాబులు వచ్చాయి. మిషన్‌ది తప్పు కాదు వదినా, లారీది. తప్పు పొలానిది కాదు. వీడి గొట్టం వాచింది. డాక్టరు కాగితం నా సంచీలో ఉంది, చూస్తారా? నాలుక పళ్ల మధ్య పెట్టుకుని కొరికాను, ఉప్పగా తగిలింది. మా ఆయన పొట్లం కోయడం ఆపారు. పిల్లలు కూడా ఏదో పసిగట్టి నమలడం మానేశారు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

విద్ తల వంచుకుని ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. వాడి చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు, చెవులు ఎర్రబడితే వాడు దాచేస్తాడు. అయిపోయింది, వొనొసారి బస్సు ఎన్నింటికో అనుకున్నాను. ఆ పిల్ల బట్టల పెట్టె గుమ్మం దాటడం నా కళ్లకు కట్టింది.

పంకా ఇంకా తిరుగుతూనే ఉంది. అప్పుడు వాడు తన పళ్లెంలోని కోడి కాలు తీసి కినాసి పళ్లెంలో పెట్టాడు. తలెత్తి బుదే ముఖంలోకి సూటిగా చూశాడు.

“ఆలస్యం నా వల్ల బుదే. తన వల్ల కాదు. నాకు లోపల వాపొచ్చింది, చాలాకాలం దాచాను. ఇప్పుడు మందులు వాడాను, తగ్గుతోంది. వచ్చే పండక్కి మళ్లీ అడగాలనుకుంటే నన్నడగండి, నేనే చెబుతాను. తనను కూర చల్లారకముందే తిననివ్వండి.”